గుల్‌మర్గ్ పౌడర్‌లో ఒక రోజు: నలుగురు స్నేహితులు వెళ్లేముందు తేల్చుకోవాల్సినవి

ప్రశ్న క్లుప్తంగా ఇది: హైదరాబాద్ నుంచి నలుగురు స్నేహితులు. ఔలీలో, గుల్‌మర్గ్‌లో స్కీ కోర్సులు చేశారు. చదును చేసిన వాలు మీద బాగానే దిగుతారు. ఫిబ్రవరిలో గుల్‌మర్గ్ వెళ్లి గొండోలా (కేబుల్ కారు) రెండో దశ, అంటే ఫేజ్ 2 పైనుంచి ఒక రోజంతా కొత్తగా పడిన మెత్తటి మంచులో, అంటే పౌడర్‌లో స్కీ చేయాలని ఉంది. గైడ్ కావాలా? ఏ సామాను కావాలి? రోజును ఎలా నడిపించాలి?

ముందు సూటిగా జవాబు. స్కీ పెట్రోల్ (వాలుల భద్రత చూసే గస్తీ బృందం) తెరిచిన బౌల్, అంటే గొండోలా కింది పెద్ద వాలు లోపల అయితే మీ నలుగురే వెళ్లొచ్చు. హద్దు దాటాలంటే గైడ్ లేకుండా వద్దు. గైడ్ ఉన్నా సరే, నలుగురి దగ్గరా ట్రాన్సీవర్ (పూడిపోయినవాళ్లను సిగ్నల్‌తో వెతికే పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ఉండాలి, వాటిని వాడటం నలుగురికీ రావాలి. మంచు కింద పూడిపోయిన మనిషిని ప్రాణాలతో తీసేది దాదాపు ఎప్పుడూ పక్కనున్నవాళ్లే. స్విట్జర్లాండ్ లెక్కల ప్రకారం పూర్తిగా పూడిపోయినవాళ్లను 10 నిమిషాల్లోపు తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతున్నారు. అదే అరగంట అయ్యేసరికి ఆ సంఖ్య మూడుకు పడిపోతుంది. కింద స్టేషన్ నుంచి సహాయం బయల్దేరి మీ దగ్గరికి చేరేలోగా ఆ 10 నిమిషాలు అయిపోతాయి. కాబట్టి "ఎంత బాగా స్కీ చేస్తాం" అన్న ప్రశ్న కంటే "నాతో వచ్చేవాడు నన్ను తవ్వి తీయగలడా" అన్న ప్రశ్న ముందు వేసుకోవాలి.

గుల్‌మర్గ్ ఊరు సుమారు 2,650 మీటర్ల ఎత్తులో ఉంది. ఫేజ్ 1 మిమ్మల్ని సుమారు 3,080 మీటర్ల దగ్గరున్న కొంగ్‌దూరీకి తీసుకెళ్తుంది. 2005లో మొదలైన ఫేజ్ 2 అక్కణ్నుంచి అఫర్వత్ కొండ భుజం మీదికి, సుమారు 3,950 మీటర్లకు చేరుస్తుంది. పైస్టేషన్ నుంచి కొంగ్‌దూరీ వరకు గొండోలా కింద పరుచుకున్న పెద్ద దొన్నెలాంటి వాలునే అందరూ బౌల్ అంటారు. యూరప్ రిసార్టుల్లోలా అక్కడ మంచును యంత్రాలతో చదును చేయరు. అంటే బౌల్ లోపల కూడా మీకు దొరికేది పౌడరే. తేడా ఏమిటంటే, పెద్ద మంచు పడ్డాక పెట్రోల్ వాళ్లు పేలుడు పదార్థాలతో ఆ వాలును పరీక్షించి, అస్థిరంగా ఉన్నదాన్ని పడగొట్టి, తర్వాతే తెరుస్తారు. బౌల్‌కు అటూ ఇటూ ఉన్న వాలుల మీద ఆ పని ఎవరూ చేయరు. పైస్టేషన్ నుంచి పక్కకు పది నిమిషాలు అడ్డంగా జారితే చాలు, పూర్తిగా కొండ దయ మీద ఉన్నట్టే.

ఇదేదో కాగితం మీది హెచ్చరిక అనుకోవద్దు. 2023 ఫిబ్రవరి 1న అఫర్వత్ మీద అవలాంచ్‌లో (మంచు చరియ విరిగిపడి) ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. 2024 ఫిబ్రవరి 22న మరో దాంట్లో ఒక రష్యన్ స్కీయర్ చనిపోయాడు. అంతకుముందు 2010 ఫిబ్రవరిలో ఖిలన్‌మర్గ్ దగ్గర శిక్షణలో ఉన్న 17 మంది సైనికులు మంచు చరియల కింద ప్రాణాలు కోల్పోయారు. వీటన్నిటికీ ఫిబ్రవరి నెలే కావడం యాదృచ్ఛికం కాదు. మంచు బాగా పడేది, జనం దానికోసం వచ్చేది కూడా అప్పుడే.

మంచు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మొత్తం ప్లాన్ దీని మీదే ఆధారపడి ఉంటుంది. డిసెంబర్ 21 నుంచి 40 రోజుల చిల్లై కలాన్ కశ్మీర్‌లో గడ్డుచలి కాలం. ఆ మొదట్లో మంచు పలచగా ఉండి, ఆకాశం తేటగా, రాత్రులు విపరీతంగా చల్లగా ఉంటే, నేలకు దగ్గరగా ఉన్న మంచు రూపం మారిపోయి పంచదార పలుకుల్లా విడివిడి గింజలవుతుంది. గుప్పెట్లో పట్టి నొక్కితే ఉండ కట్టదు, వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. తర్వాత పశ్చిమ అలజడులు (పడమటి నుంచి వచ్చే చలికాలపు తుఫానులు) వచ్చి దాని మీద అర మీటరో, మీటరో కొత్త మంచు పోస్తాయి. పైపొర గట్టిపడి స్లాబ్‌లా తయారవుతుంది, కింద పట్టులేని గింజలు ఉంటాయి. ఒక స్కీయర్ బరువు చాలు, ఆ స్లాబ్ మొత్తం ఒక్కసారి పగిలి జారడానికి. ఈ బలహీనపు పొర వారాల తరబడి అలాగే ఉండిపోవచ్చు. "మంచు పడి నాలుగు రోజులైంది, సర్దుకుని ఉంటుంది" అన్న లెక్క అక్కడ తప్పుతుంది.

దీనికి గాలి తోడవుతుంది. అఫర్వత్ శిఖరరేఖ మీద గాలి ఒకవైపు మంచును ఊడ్చి రెండోవైపు పేరుస్తుంది. 24 గంటల్లో 30 సెంటీమీటర్లు పడిందని మీరు గుల్‌మర్గ్‌లో కొలిస్తే, శిఖరం వెనుక నీడన దానికి రెట్టింపో మూడింతలో పేరుకుని ఉండొచ్చు. అలా పేరిన మంచు చూడ్డానికి నున్నగా, దిండులా ఉబ్బి అందంగా ఉంటుంది. కాలు పెడితే డొల్లగా చప్పుడవుతుంది. అది కనిపిస్తే దాని మీదికి పోకండి.

వెంటనే వెనక్కి తిరగాల్సిన గుర్తులు కొన్ని ఉన్నాయి. ఆరోజో, ముందురోజో అదే దిక్కు వాలు మీద విరిగిన చరియ కనిపించడం. నిలబడితే కాళ్ల కింద "వుంఫ్" అని బరువుగా కుంగిన చప్పుడు రావడం. స్కీ ముందు నుంచి మంచులో పగుళ్లు పరుగెత్తడం. ఉన్నట్టుండి ఎండ కాసి, చెట్ల మీది మంచు ముద్దలు ముద్దలుగా రాలడం. వీటిలో ఒక్కటి కనిపించినా 30 డిగ్రీలు దాటిన వాలు ఆరోజుకు లేదనుకోవాలి. గుంత తవ్వి పొరల పరీక్ష చేయడం నేర్చుకోండి, మంచిదే. కానీ ఒక గుంత చూపించేది ఆ ఒక్క చోటునే. గుంత బాగుందని వాలు బాగుందనుకోవడం కొత్తగా కోర్సు చేసినవాళ్లు తరచూ చేసే పొరపాటు.

వాలు కోణం మీ చేతిలో ఉన్న ఒకే ఒక నమ్మకమైన అంకె. స్లాబ్ అవలాంచ్‌లు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద, అందులోనూ 38 చుట్టుపక్కల మొదలవుతాయి. ఫోన్‌లో కోణం కొలిచే యాప్ ఉంటుంది. స్కీ పోల్‌ను మంచు మీద వాలు వెంట పడుకోబెట్టి, దాని మీద ఫోన్ పెట్టి చూడండి. కంటి అంచనా అయిదారు డిగ్రీలు ఇట్టే తప్పుతుంది. 25 డిగ్రీల వాలులో మోకాలి లోతు పౌడర్ దిగడంలో ఉన్న ఆనందం ఏమీ తక్కువ కాదు. మీ స్థాయికి అదే సరైన వాలు కూడా. మీరు నిలబడ్డ చోటు 20 డిగ్రీలే అయినా, నెత్తిమీద 38 డిగ్రీల గోడ ఉంటే అది విరిగి మీ మీదికే వస్తుంది. అందుకే కోణం చూసేటప్పుడు పైకి కూడా చూడాలి. శ్రీనగర్ వార్తల్లో, అధికారుల ప్రకటనల్లో అవలాంచ్ ప్రమాద స్థాయి వస్తుంది. 1 నుంచి 5 వరకు ఉండే కొలతలో 3 అంటే మధ్యస్థం కదా అని తేలిగ్గా తీసుకుంటారు. 3 అంటే ఒక్క మనిషి బరువుకే చరియ విరగగల రోజు. 3 ఉన్నరోజు బౌల్, దిగువ చెట్ల వాలులు తప్ప మరోటి వద్దు.

ఇక సామాను. ట్రాన్సీవర్ మూడు యాంటెనాల డిజిటల్ రకమే తీసుకోండి. అన్నీ 457 కిలోహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి కాబట్టి కంపెనీలు వేరైనా ఇబ్బంది లేదు. బ్యాటరీలు తయారీదారు చెప్పిన రకమే, సాధారణంగా కొత్త ఆల్కలైన్ వేయాలి. రీచార్జబుల్ సెల్స్ హఠాత్తుగా చచ్చిపోతాయి, మిగిలిన శాతం కూడా తప్పుగా చూపిస్తాయి. ట్రాన్సీవర్‌ను పై జాకెట్ జేబులో కాదు, లోపలి పొర మీద పట్టీతో కట్టుకోవాలి. ఫోన్, హెడ్‌ఫోన్లు, వేడి చేసే గ్లవ్స్ దానికి కనీసం 20 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి, వెతికేటప్పుడు అయితే 50. ఛాతీ జేబులో ఫోన్ పెట్టుకుని వెతికితే అంకెలు పిచ్చిగా గెంతుతాయి. ప్రోబ్ 240 సెంటీమీటర్లకు తగ్గకూడదు. పార లోహంది కావాలి. విరిగిపడి గడ్డకట్టిన మంచు సిమెంటులా బిగుసుకుంటుంది, ప్లాస్టిక్ పార అక్కడ పనికిరాదు. ఎయిర్‌బ్యాగ్ (లాగితే గాలి నిండి మనిషిని మంచు పైన తేల్చే వీపుసంచి) ఉంటే మంచిదే, కానీ పై మూడూ లేకుండా అదొక్కటే కొనడం డబ్బు దండగ. గ్యాస్ సిలిండర్ రకమైతే విమానంలో తీసుకెళ్లడానికి ఎయిర్‌లైన్ ముందస్తు అనుమతి కావాలి.

స్కీలు గుల్‌మర్గ్‌లో అద్దెకు దొరుకుతాయి. నడుము (స్కీ మధ్యభాగం) వెడల్పు 100 నుంచి 115 మిల్లీమీటర్లు, ముందుభాగం పైకి లేచిన రాకర్ రకం అడగండి. కోర్సులో వాడిన 75 మిల్లీమీటర్ల స్కీలతో మంచులోకి కూరుకుపోయి, తప్పు మీదే అనుకుంటారు. బైండింగ్ (బూటును స్కీకి పట్టి ఉంచే క్లిప్పు) డిన్ విలువను, అంటే పడితే ఎంత బలానికి ఊడాలో చెప్పే అంకెను మీ బరువు, బూటు పొడవు చెప్పి ముందు మీరే సెట్ చేయించుకోండి. ముందు అద్దెకు తీసుకున్నవాడి అంకె మీద వదిలేయొద్దు. మబ్బురోజుకు గాగుల్స్‌కు లేత రంగు అద్దం వేరేగా తెచ్చుకోండి. పోల్స్ పట్టీలు మణికట్టుకు వేసుకోకూడదు, చెట్ల మధ్యా, అవలాంచ్‌లోనూ అవే చెయ్యి పట్టి లాగుతాయి. ఇంకోటి: బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ జమ్మూకశ్మీర్‌లో పనిచేయదు. కనీసం ఇద్దరి దగ్గర పోస్ట్‌పెయిడ్ ఉండాలి. పెట్రోల్ నంబర్, గైడ్ నంబర్, 112 నలుగురి ఫోన్లలోనూ ఉండాలి. ఫోన్‌ను బట్టల లోపల వెచ్చగా పెట్టుకోండి, మైనస్ పదిలో బ్యాటరీ నలభై శాతం నుంచి ఒక్కసారిగా సున్నాకు వస్తుంది.

హైదరాబాద్ 540 మీటర్ల ఎత్తు. అక్కణ్నుంచి వచ్చిన మర్నాడే 3,950 మీటర్లకు గొండోలాలో ఎక్కితే తలనొప్పి, వాంతి, నీరసం మామూలే. రెండు రాత్రులు గుల్‌మర్గ్‌లో గడిపి, మొదటి రెండు రోజులూ ఫేజ్ 1 పరిధిలోనే ఉండండి. ఆ రెండు రోజుల్లో ఒక పూట సాధనకు కేటాయించాలి. ఊళ్లోని గోల్ఫ్ మైదానం మీది మంచు దానికి చక్కగా సరిపోతుంది.

సాధన ఇలా. ఒకరు పాత సంచిలో ఆన్ చేసిన ట్రాన్సీవర్ పెట్టి, మిగతావాళ్లు చూడకుండా అర మీటరు నుంచి మీటరు లోతున పూడ్చాలి. వెతికేవాళ్లు సుమారు 40 మీటర్ల పట్టీలుగా వాలును విభజించుకుని సిగ్నల్ దొరికేదాకా వేగంగా నడవాలి. సిగ్నల్ దొరికాక ట్రాన్సీవర్ తెర మీది బాణాన్ని అనుసరించాలి. అది సూటిగా కాక వంపు తిరిగి తీసుకెళ్తుంది, కంగారు పడొద్దు. తెర మీది అంకె (సుమారు దూరం, మీటర్లలో) 10 లోపుకు రాగానే నడక తగ్గించాలి. 3 దగ్గర వంగి, ట్రాన్సీవర్‌ను మంచు ఉపరితలానికి ఆనించి, చేతిని తిప్పకుండా నెమ్మదిగా ముందుకు, వెనక్కి, తర్వాత అడ్డంగా కుడికీ ఎడమకీ జరపాలి. చాలామంది ఇక్కడే చెడగొడతారు: ఆత్రంలో పరికరాన్ని గాల్లో ఊపుతారు, దిక్కు మారుస్తారు, అంకె మారేలోపే జరిపేస్తారు. అతి తక్కువ అంకె వచ్చిన చోట ప్రోబ్‌ను వాలుకు లంబంగా గుచ్చి, అక్కణ్నుంచి 25 సెంటీమీటర్ల ఎడంతో సుడిలా బయటికి గుచ్చుకుంటూ పోవాలి. మనిషి తగిలితే ప్రోబ్ మెత్తగా ఆగి తిరిగొస్తుంది, నేల అయితే ఠకీమంటుంది. తగిలిన ప్రోబ్‌ను తీయకూడదు.

తవ్వడం వెతకడం కంటే ఎక్కువ సమయం తింటుంది. ప్రోబ్ మీద నిలబడి కిందికి తవ్వితే మనిషి ఊపిరి తీసుకునే ఖాళీని మీరే తొక్కేస్తారు. ప్రోబ్ మీద లోతు గుర్తు చూసి, దానికి ఒకటిన్నర రెట్ల దూరం కిందికి వచ్చి, వాలు లోపలికి అడ్డంగా తవ్వాలి. ముందు ఒకరు మంచును ముక్కలుగా కోస్తే, వెనుక ఇద్దరు దాన్ని కిందికి తోసేయాలి. నిమిషానికొకసారి ముందున్నవాడు మారాలి. తల, నోరు, ఛాతీ ముందు బయటపడాలి. ఈ మొత్తం 10 నిమిషాల్లో కాకపోతే, అయ్యేదాకా మళ్లీ పూడ్చి వెతకండి.

అసలు రోజు పొద్దున పెట్రోల్ వాళ్లను ఏది తెరిచారు, రాత్రి గాలి ఏ దిక్కు నుంచి వచ్చింది అని అడగండి. పెద్ద మంచు పడిన మర్నాడు ఫేజ్ 2 ఆలస్యంగా తెరవడం మామూలు. క్యూలో విసుగుతో "పక్కనుంచి నడిచి ఎక్కేద్దాం" అనేవాడు ప్రతి జట్టులో ఒకడుంటాడు. ఫేజ్ 2 తెరవలేదంటే పైన ఇంకా పని జరుగుతోందని అర్థం, వాడి మాట వినొద్దు. పైస్టేషన్ దగ్గర దిగగానే ట్రాన్సీవర్ల తనిఖీ చేయాలి. ముందు వెళ్లేవాడు వెతికే మోడ్‌లో పెట్టి పదడుగులు ముందు నిలబడతాడు, మిగతావాళ్లు ఒక్కొక్కరుగా అతన్ని దాటాలి. తర్వాత దీన్నే తిరగేసి: అతను పంపే మోడ్‌కు మారి దాటుతాడు, మిగతావాళ్లు వింటారు. చివర్లో అందరూ తిరిగి పంపే మోడ్‌కు వచ్చారో లేదో గట్టిగా అడిగి చెప్పించుకోండి. వెతికే మోడ్‌లో వదిలేసి దిగినవాడు కింద పడితే కనిపించడు.

దిగేటప్పుడు ప్రమాదం ఉన్న వాలు మీద ఒక సమయంలో ఒక్కరే. మిగతా ముగ్గురూ అతని మీద కన్ను వేసి ఉంచాలి. ఫోన్‌లో వీడియో చూసుకోవడం కాదు, ఆఖరుసారి ఎక్కడ కనిపించాడో చెప్పగలిగేలా చూడాలి. మొదటివాడు ఆగే చోటు గట్టు మీదో, పెద్ద బండ వెనకో, వాలు పక్కకో ఉండాలి, వాలు మధ్యలో గానీ దాని కింద పళ్లెంలో గానీ కాదు. నాలాల (కొండ వాగుల) అడుగున ఎప్పుడూ ఆగొద్దు, చిన్న చరియ కూడా అక్కడ రెండు మనుషుల లోతున పోగవుతుంది. చివర్లో దిగేవాడు జట్టులో బలమైన స్కీయర్ అయి ఉండాలి. ఎవరైనా పడితే పైనుంచి చేరుకోవడం సులువు, కిందనుంచి మంచులో ఎక్కాలంటే పావుగంట పడుతుంది.

పౌడర్‌లో టెక్నిక్ గురించి కోర్సుల్లో ఎక్కువ చెప్పరు. గట్టి వాలు మీద బయటి కాలి మీదే బరువు వేయడం అలవాటై ఉంటుంది. పౌడర్‌లో అలా చేస్తే ఆ కాలు మునిగి రెండో కాలు తేలుతుంది, పడిపోతారు. రెండు కాళ్లూ కాస్త దగ్గరగా, బరువు సమానంగా ఉంచి రెండింటినీ కలిపి తిప్పాలి. స్కీ మునుగుతుందన్న భయంతో వెనక్కి వాలితే పది మలుపుల్లో తొడలు మండిపోతాయి, స్కీ కూడా మాట వినదు. పాదం మధ్యలోనే నిలబడండి, వేగం వచ్చేసరికి ముందుభాగం దానంతటదే తేలుతుంది. నెమ్మదిగా వెళ్తే పౌడర్‌లో మలుపు కష్టం. అందుకే మొదటి మూడు మలుపులూ కాస్త కిందికి వదిలి, తర్వాత లయ పట్టుకోవాలి.

పడితే స్కీ ఊడుతుంది, అదెక్కడో కింద ఉంటుందని అందరూ కిందనే తవ్వుతారు. సాధారణంగా అది మీరు పడ్డచోటుకు కాస్త పైనే మంచు లోపల ఉంటుంది. పడ్డచోట పోల్ గుచ్చి గుర్తు పెట్టుకుని, రెండో స్కీ తోకతో పైనుంచి అడ్డంగా కోసుకుంటూ రండి. మీటరు, మీటరున్నర రంగు రిబ్బన్ బైండింగ్‌కు కట్టి మరో చివర ప్యాంటు లోపల వదిలేస్తే (కాలికి ముడి వేయకూడదు) ఈ గంట వెతుకులాట తప్పుతుంది. లేవడానికి పోల్స్‌ను మంచు మీద అడ్డంగా గుణకారం గుర్తులా పరిచి, మధ్యలో చెయ్యి ఆన్చి నొక్కండి. ఉత్త చేతులు మోచేయి దాకా దిగిపోతాయి.

మధ్యాహ్నం రెండు దాటాక కాళ్లు అలసిపోతాయి, వెలుతురు చదునవుతుంది, ఎత్తుపల్లాలు కనిపించవు. పైన దాన్ని సాగదీయకుండా చెట్లలోకి దిగొచ్చు. అక్కడి ప్రమాదం వేరు: దేవదారు జాతి చెట్ల కిందికొమ్మల అడుగున, కాండం చుట్టూ మంచు బిగుసుకోక గొయ్యి ఉంటుంది. తలకిందులుగా అందులో పడితే తనంతట తాను బయటికి రావడం దాదాపు అసాధ్యం, నిమిషాల్లో ఊపిరి ఆడదు. చెట్లలో ఇద్దరిద్దరుగా, ఒకరికొకరు కనిపించేంత దూరంలో దిగాలి. చెట్టును కాదు, చెట్ల మధ్య ఖాళీని చూడాలి, చూసినచోటికే స్కీ పోతుంది. పడబోతున్నామనిపిస్తే కాండాన్నో కొమ్మనో పట్టుకోండి. లోపల పడ్డాక కొట్టుకోకుండా ముఖం ముందు ఖాళీ కాపాడుకోవాలి, విజిల్ వేయాలి.

నిజంగా అవలాంచ్ వచ్చి ఒకరు మునిగితే: మిగతావాళ్లు ముందు పైకి చూసి మరో చరియ రాబోతోందా గమనించాలి. అతను ఆఖరుసారి కనిపించిన చోటు గుర్తుపెట్టుకోవాలి. ఒకరు అందరి ట్రాన్సీవర్లూ వెతికే మోడ్‌కు మార్పించాలి, లేకపోతే మీ సిగ్నలే మీకు వస్తుంది. ఆఖరు చోటు నుంచి కిందికి వెతకాలి, పైకి తేలిన గ్లవ్, పోల్ కోసం కూడా చూడాలి. ఫోన్ సిగ్నల్ అక్కడే ఉంటే ఒకరు కాల్ చేయాలి. సిగ్నల్ లేదని ఒకర్ని కిందికి పంపేసి వెతికేవాళ్లను తగ్గించుకోవద్దు, ముందు తవ్వండి. బయటికి తీసినవాడు లేచి నడుస్తున్నా సరే, చలికి కుదేలవుతాడు. పొడిబట్టలు, రేకు దుప్పటి వేసి పెట్రోల్ వచ్చేదాకా కదలనివ్వకండి.

ఒకవేళ రోజంతా ఫేజ్ 2 తెరవకపోతే మీ స్థాయికి అది నష్టమేమీ కాదు. ఫేజ్ 1 నుంచి దిగువ చెట్లలో తుఫాను రోజునా కనుచూపు ఉంటుంది, గాలి తక్కువ, కోణం మెత్తన. అక్కణ్నుంచి బాబారేషీ వైపో, తంగ్‌మర్గ్ వైపో దిగితే కిందనుంచి టాక్సీలో ఊరికి రావచ్చు. తంగ్‌మర్గ్ నుంచి గుల్‌మర్గ్‌కు 13 కిలోమీటర్లే. మంచు పడినరోజు చైన్లు ఉన్న బండినే పంపిస్తారు, అందుకే టాక్సీ మాట్లాడేటప్పుడే అడగండి, దిగేముందే డ్రైవర్ నంబర్ తీసుకోండి. ఈ దారిలోనూ గైడ్‌ను తీసుకెళ్లండి, దారి తప్పి నాలాలోకి దిగితే ఎక్కి బయటపడటానికి చీకటిపడుతుంది.